సెల్ఫ్ కొట్టిన ఆ రెండు సెకన్లు

శ్రీశైలం దారిలో మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర తెల్లవారుజామున బండ్లు బారులు తీరి ఉంటాయి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలను పోనివ్వరు. ఆలస్యంగా చేరినవాళ్లు గేటు ముందే ఆగి, ఇంజిన్ ఆపేసి, పాటలు పెట్టుకుని, ఫోన్లు చార్జింగ్‌లో పెట్టి రెండు మూడు గంటలు గడుపుతారు. ఆరింటికి గేటు లేవగానే అందరూ సెల్ఫ్ కొడతారు. అప్పుడు చాలా కార్లలో స్టీరియో స్క్రీన్ నల్లబడుతుంది. దారిని రికార్డు చేసే డాష్‌క్యామ్ కెమెరా ఆరిపోయి మళ్లీ కంపెనీ లోగో దగ్గర మొదలవుతుంది. పెన్‌డ్రైవ్‌లో పాట మొదటికొస్తుంది. కెమెరా పూర్తిగా లేచి రికార్డింగ్ అందుకునేలోపు బండి గేటు దాటి అడవిలో పడుతుంది.

పోయేది కాసేపటి రికార్డింగే కదా అనిపించవచ్చు. కానీ సందులోంచి బండి వెనక్కి తీసేటప్పుడు, రద్దీలో ఆపి మళ్లీ కదిలించేటప్పుడు తగిలే గీతలకే గొడవలన్నీ మొదలవుతాయి. సరిగ్గా ఆ సమయానికే కెమెరా కళ్లు మూసుకుంటే అది ఉండీ లాభం లేదు. పైగా మెమరీ కార్డు మీద ఫైలు రాస్తుండగా కరెంటు తెగితే ఆ ఫైలు పాడవుతుంది. ఒక్కోసారి కార్డు మొత్తం తెరుచుకోకుండా పోతుంది. ఊళ్లలో ప్రచారానికి తిరిగే బండ్లలో మైక్ సెట్టు కూడా ఇలాగే ఆగి, ప్రకటన మధ్యలో తెగిపోతుంది.

దీనికి బజారులో మొదట వినిపించే మాట "బ్యాటరీ వీకైంది, మార్చేయండి" అని. వేలు పోసి కొత్త బ్యాటరీ వేయించుకున్నాక కూడా స్క్రీన్ ఎప్పటిలాగే ఆరిపోతుంటే, తప్పు కొత్త బ్యాటరీ మీదకు పోతుంది. నిజానికి ఆ రెండు సెకన్లలో రెండు వేర్వేరు సంగతులు ఒకేసారి జరుగుతాయి. ఒకటి స్విచ్ దగ్గర, రెండోది బ్యాటరీ దగ్గర. ఒకదానికి వేసే మందు రెండోదానికి పనిచేయదు. ఈ రెంటినీ విడదీసి చూడకపోవడం వల్లే చాలామంది డబ్బు వృథా అవుతోంది.

స్విచ్చే తెంపే కరెంటు

చాబీతో స్టార్ట్ చేసే కారులో చాబీకి సాధారణంగా నాలుగు స్థానాలుంటాయి: లాక్, యాక్సెసరీ, ఆన్, స్టార్ట్. చాబీని స్టార్ట్ మీద పట్టుకున్నంతసేపూ యాక్సెసరీ లైనును స్విచ్చే పూర్తిగా తెంపేస్తుంది. ఇది లోపం కాదు, కావాలని చేసిన ఏర్పాటు. సెల్ఫ్ మోటారుకు బ్యాటరీలోని బలమంతా అందాలని బ్లోయర్, స్టీరియో, చార్జింగ్ సాకెట్ లాంటి లోడ్లను ఆ కాసేపు పక్కన పెడతారు. ఇంజిన్ కంట్రోల్ యూనిట్, ఇగ్నిషన్, పెట్రోల్ పంపు లైన్లు మాత్రం స్టార్ట్‌లోనూ బతికే ఉంటాయి. అవి కూడా పోతే ఇంజిన్ అంటుకోదు. బటన్ నొక్కి స్టార్ట్ చేసే బండ్లలో చాబీ తిప్పే పని లేకపోయినా, చాలావాటిలో కంట్రోల్ మాడ్యూల్ యాక్సెసరీ రిలేను (కరెంటుతో పనిచేసే స్విచ్‌ను) అదే విధంగా వదిలేస్తుంది.

దీన్ని చెవితోనే పట్టుకోవచ్చు. పాట పెట్టి, చాబీని ఆన్ నుంచి స్టార్ట్ వైపు చాలా నెమ్మదిగా తిప్పాలి. సెల్ఫ్ ఇంకా తిరగకముందే, వెంట్రుకవాసి ముందు, పాట ఆగిపోతుంది. అంటే అప్పటికి బ్యాటరీ మీద సెల్ఫ్ భారం పడనే లేదు. పాటను ఆపింది స్విచ్చే. అలాంటి బండికి ఎంత పెద్ద బ్యాటరీ వేసినా పాట ఆగక తప్పదు.

బ్యాటరీ కుంగడం

రెండో సంగతి పల్లెల్లో అందరికీ తెలిసినదే. బోరు మోటారు స్టార్టర్ నొక్కగానే ఇంట్లో బల్బు ఒక్క క్షణం మసకబారుతుంది. ఆగి ఉన్న మోటారు తిరిగే మోటారు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. తిరగడం మొదలయ్యాక తనలోనే ఎదురు వోల్టేజీ పుట్టించుకుని ఆ లాగుడు తగ్గించుకుంటుంది. కారు సెల్ఫ్ మోటారు కథా ఇంతే. చిన్న పెట్రోల్ కారులో సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు 100 నుంచి 200 ఆంపియర్లు పోతాయి. డీజిల్ బండిలో కంప్రెషన్ ఎక్కువ కాబట్టి ఇంకా ఎక్కువ. కదిలే మొదటి క్షణంలో ఈ అంకె కొన్ని రెట్లు పైకి పోయి దిగుతుంది.

బ్యాటరీలోపల కూడా కొంత నిరోధం ఉంటుంది. అది 10 మిల్లీఓములు అనుకుందాం. 300 ఆంపియర్లు లాగితే 3 వోల్టులు లోపలే ఖర్చయిపోతాయి. నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది కాబట్టి బయటికి వచ్చేది 9.6 మాత్రమే. బ్యాటరీ పాతబడి లోపలి నిరోధం రెట్టింపయితే, మోటారు లాగే కరెంటు కొంత తగ్గినా, వోల్టేజీ 7 దగ్గరికి జారుతుంది. ఆ తర్వాత పిస్టన్ పైకి వచ్చిన ప్రతిసారీ కొంచెం కుంగుతూ, లేస్తూ, ఇంజిన్ అంటుకోగానే డైనమో అందుకుని 14 వోల్టుల దాకా లేపుతుంది.

ఇంజనీర్లకు ఇది కొత్త కాదు. పాత పెట్రోల్ కార్లు కొన్నింటిలో ఇగ్నిషన్ కాయిల్‌ను తక్కువ వోల్టేజీకి తయారుచేసి, మామూలుగా ఒక రెసిస్టర్ గుండా కరెంటు ఇచ్చేవారు. సెల్ఫ్ కొట్టినప్పుడు మాత్రం ఆ రెసిస్టర్‌ను దాటించి నేరుగా బ్యాటరీ కరెంటు ఇచ్చేవారు. బ్యాటరీ కుంగినా స్పార్కు బలంగా పడేది. ఎంతో చక్కని ఉపాయం అది, అదీ ఒక్క ఎలక్ట్రానిక్ భాగం లేకుండా. ఇప్పటి పరికరాలకైతే ఐఎస్‌ఓ 16750-2 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. సెల్ఫ్ సమయంలో వోల్టేజీ ఎలా పడుతుందో అలాగే పడేసి పరికరాన్ని పరీక్షిస్తారు. అన్నిటికంటే కఠినమైన స్థాయిలో 12 వోల్టుల పరికరానికి కొన్ని మిల్లీసెకన్లు 3 వోల్టులే అందుతాయి. బండితోపాటు కంపెనీ నుంచి వచ్చే ముఖ్యమైన యూనిట్లు ఇలాంటి పరీక్షలు దాటి వస్తాయి. బయట కొని బిగించుకునే వస్తువుల్లో అన్నింటికీ ఆ భాగ్యం ఉండదు.

ఇక్కడ ఒక ఆధారం పనికొస్తుంది. డాష్‌క్యామ్‌కూ ఫోనుకూ కావాల్సింది 5 వోల్టులే. సాకెట్లో పెట్టే మంచి చార్జరు 12 వోల్టులను 5కి దించుతుంది. లోపలికి వచ్చేది 7 వోల్టులకు పడిపోయినా బయటికి 5 ఇవ్వగలదు. కాబట్టి సెల్ఫ్ చురుగ్గా తిరిగే బండిలో డాష్‌క్యామ్ ప్రతిసారీ ఆరిపోతుంటే బ్యాటరీని కాదు, ముందు స్విచ్‌ను అనుమానించాలి.

ఏ రోగమో తేల్చే బల్బు

తేల్చుకోవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. ఆటో ఎలక్ట్రీషియన్ల దగ్గర ఉండే టెస్టర్ బల్బు చాలు. 12 వోల్టుల చిన్న బల్బు, రెండు వైర్లు. ఒక వైరును డాష్‌క్యామ్‌కు కరెంటు వస్తున్న చోట, రెండోదాన్ని బాడీ ఎర్త్‌కు తగిలించి సెల్ఫ్ కొట్టమనాలి. బల్బు మొత్తం ఆరిపోతే స్విచ్ తెంపుతోందని అర్థం. ఆరకుండా మసకబారి, సెల్ఫ్‌తోపాటు వణికితే బ్యాటరీ కుంగుతోందని అర్థం. మామూలు డిజిటల్ మల్టీమీటర్ సెకనుకు రెండు మూడుసార్లే అంకె మారుస్తుంది, మొదటి లోతైన గుంటను అది చూడనే చూడదు. కనిష్ఠ విలువను పట్టి ఉంచే బటన్ ఉన్న మీటరైతే కొంత నయం.

కుంగుడు అని తేలినా వెంటనే బ్యాటరీ మీద పడకూడదు. నల్గొండ, మహబూబ్‌నగర్ పల్లెదారుల్లో తిరిగే బండి బానెట్ ఎత్తితే మొదట కనిపించేది ఎర్రమట్టి దుమ్ము. దాన్ని తుడిస్తే టెర్మినల్ మీద తెల్లగా, పచ్చగా పేరుకున్న పొడి. ఆ పొడి కింద క్లాంపు వదులై చేత్తో తిప్పితేనే కదులుతుంటుంది. 300 ఆంపియర్లు పోయే దారిలో 5 మిల్లీఓముల మురికి అడ్డుపడితే ఒకటిన్నర వోల్టు అక్కడే ఆవిరవుతుంది. వేడినీళ్లలో వంటసోడా కలిపి కడిగి, ఆరబెట్టి, గరుకు కాగితంతో రుద్ది, గట్టిగా బిగించి, పైన కాస్త పెట్రోలియం జెల్లీ రాస్తే చాలు, ఖర్చు పెద్దగా ఉండదు. ఇంజిన్‌కూ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీని కూడా చూడాలి. మీటర్ వైర్లలో ఒకటి బ్యాటరీ మైనస్ మీద, రెండోది ఇంజిన్ లోహం మీద పెట్టి సెల్ఫ్ కొడితే తేడా 0.2, 0.3 వోల్టులకు మించకూడదు. మించితే లోపం ఎర్త్‌లో ఉంది, బ్యాటరీలో కాదు.

ఇవన్నీ బాగున్నాయనుకుంటే అప్పుడు బ్యాటరీ సంగతి. రాత్రంతా ఆపి ఉంచిన బండిలో పొద్దున 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 ఉంటే సగం, 12కు కిందికి వస్తే దాదాపు ఖాళీ. మన్ననూరు గేటు ముందు మూడు గంటలు పాటలు విన్న బండి, అప్పటికే సగం ఛార్జితో వచ్చినదైతే, ఆరింటికి కుంగక ఏం చేస్తుంది?

స్విచ్ తెంపేదానికి మందు

రోగం స్విచ్‌దైతే అన్నిటికంటే శుభ్రమైన మార్గం మూడు వైర్ల హార్డ్‌వైర్ కిట్. ఒక వైరు ఎప్పుడూ కరెంటు ఉండే బ్యాటరీ లైనుకు, ఒకటి ఎర్త్‌కు, మూడోది యాక్సెసరీ లైనుకు. కెమెరాకు తిండి మొదటి వైరు నుంచే వస్తుంది. మూడోది కేవలం బండి నడుస్తోందా, ఆగిందా అని చెప్పే సంకేతం. సెల్ఫ్ సమయంలో ఆ సంకేతం రెండు సెకన్లు పోయినా కెమెరా పార్కింగ్ మోడ్‌లోకి, అంటే ఆగిన బండికి కాపలా కాసే పద్ధతిలోకి, వెళ్లి వస్తుందే తప్ప చావదు. కరెంటును ఫ్యూజ్ బాక్సులో ఫ్యూజ్ ట్యాప్ (ఉన్న ఫ్యూజు చోట గుచ్చి ఇంకో లైను తీసుకునే ముక్క) పెట్టి తీసుకోవాలి. ఎయిర్‌బ్యాగ్, ఇంజిన్ కంట్రోల్ యూనిట్, బ్రేకుల ఫ్యూజుల జోలికి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పోకూడదు.

దీంతో ఒక ప్రమాదం ఉంది. పార్కింగ్‌లో కెమెరా పావు ఆంపియర్ తింటుందనుకుంటే రోజుకు 6 ఆంపియర్ అవర్లు. చిన్న కార్లలో ఉండే 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ మూడు రోజుల్లో సగమవుతుంది. పెళ్లికని ఊరెళ్లి బండిని నాలుగు రోజులు నీడలో వదిలేస్తే తిరుగు ప్రయాణంలో నెట్టుడే. అందుకే వోల్టేజీ 12 దగ్గరికి రాగానే తానే తెంపుకునే కటాఫ్ ఉన్న కిట్టే తీసుకోవాలి. కొన్నింటిలో 11.6 కూడా పెట్టుకోవచ్చు కానీ అది మరీ అడుగంటాక తలుపు వేయడమే.

స్టీరియో, యాంప్లిఫయర్ లాంటివాటికి టైమర్ రిలే మంచిది. యాక్సెసరీ లైను పోయినా ఐదు, పది సెకన్లు కాంటాక్టును వదలని రిలే అది. సెల్ఫ్ అంతకుముందే అయిపోతుంది. బండి ఆపాక పాట పది సెకన్లు ఎక్కువ మోగడం తప్ప నష్టమేమీ లేదు. మామూలు రిలే కాయిల్‌కు పెద్ద కండెన్సర్ తగిలించి ఇదే పని చేయించేవాళ్లున్నారు. 85 ఓముల కాయిల్‌కు 4,700 మైక్రోఫారడ్ కండెన్సర్ పెడితే అర సెకను అటూ ఇటూగా నిలబడుతుంది, అంతే. చురుకైన పెట్రోల్ ఇంజిన్‌కు సరిపోవచ్చేమో గానీ చలి పొద్దున డీజిల్ బండికి చాలదు. పైగా రిలే నెమ్మదిగా వదలడం వల్ల కాంటాక్టుల దగ్గర నిప్పురవ్వలు లేచి అవి మాడిపోతాయి.

కుంగుడుకు మందు

బ్యాటరీ, ఎర్త్ బాగానే ఉన్నా, 12 వోల్టులు పడిపోతే తట్టుకోలేని పరికరమైతే దాని ముందు బక్-బూస్ట్ కన్వర్టర్ పెట్టుకోవచ్చు. లోపలికి 6 వచ్చినా 14 వచ్చినా బయటికి స్థిరంగా 12 ఇస్తుంది. ఇళ్లలో ఫ్రిజ్ ముందు స్టెబిలైజర్ పెట్టినట్టే. అయితే లోపలికి సున్నా వస్తే అది కూడా చేతులెత్తేస్తుంది. స్విచ్ తెంపుతున్న లైను మీద దీన్ని బిగించి, "పనిచేయలేదు" అని తిప్పి పంపేవాళ్లు ఎక్కువ. వస్తువులో తప్పు లేదు, పెట్టిన చోటే తప్పు.

ఇక కండెన్సర్. ఫ్యాన్‌కు కండెన్సర్ మార్చుకున్న ప్రతివాళ్లకూ ఇది తెలిసిన వస్తువే కాబట్టి, ఒకటి తగిలిస్తే సరిపోతుందనే నమ్మకం బాగా ఉంది. లెక్క వేసి చూడాలి. 5 వాట్ల కెమెరాకు 2 సెకన్లంటే 10 జౌళ్ల శక్తి కావాలి. 12 వోల్టుల నుంచి 8కి దిగేలోపు 10,000 మైక్రోఫారడ్ల కండెన్సర్ ఇవ్వగలిగేది 0.4 జౌళ్లు. అంటే సెకనులో పన్నెండో వంతు. అరచేతిలో బరువుగా కనిపించే ఆ డబ్బాలు 25 కలిపితే గానీ రెండు సెకన్లు గట్టెక్కవు.

సూపర్ కెపాసిటర్ వేరే జాతి, మామూలు కండెన్సర్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ శక్తి దాచుకుంటుంది. ఒక్కో సెల్లు 2.7 వోల్టులు తట్టుకుంటుంది కాబట్టి 12 వోల్టుల బండికి ఆరింటిని వరుసగా కలపాలి, మొత్తం 16.2 వోల్టులు. ఐదు పెడితే 13.5 మాత్రమే అవుతుంది, డైనమో ఇచ్చే 14కు అవి పాడైపోతాయి. 10 ఫారడ్ల సెల్లులు ఆరు కలిస్తే దాదాపు 1.67 ఫారడ్లు. మన కెమెరాను పది సెకన్లకు పైనే మోస్తుంది. దీనికి మూడు కాపలాలు కావాలి. సెల్లుల మధ్య వోల్టేజీ సమంగా పంచే బ్యాలెన్సింగ్ బోర్డు ఒకటి. ముందు కరెంటును ఒకవైపే పోనిచ్చే ఒక షాట్కీ డయోడ్, లేకపోతే దాచుకున్న శక్తి కెమెరాకు పోకుండా వెనక్కి పారి బండిలోని మిగతా లోడ్లలో కలిసిపోతుంది. మూడోది చార్జింగ్ దారిలో ఒక రెసిస్టర్. ఖాళీ సూపర్ కెపాసిటర్ మొదటి క్షణంలో షార్ట్ సర్క్యూట్ లాంటిది, నేరుగా తగిలిస్తే ఫ్యూజు కొట్టేస్తుంది. 10 ఓముల రెసిస్టర్ పెడితే మొదటి కరెంటు 1.2 ఆంపియర్లకు ఆగుతుంది. దాచిన కరెంటును కెమెరా వాడుకునేటప్పుడు ఆ రెసిస్టర్ అడ్డుపడకుండా దాని పక్కన ఇంకో డయోడ్.

ఈ ఏర్పాటును యాక్సెసరీ లైను మీద పెడితే ఒక తిరకాసు ఉంది. రాత్రంతా ఆపిన బండిలో అది ఖాళీ అయి ఉంటుంది. చాబీని ఒకే ఊపున స్టార్ట్ దాకా తిప్పితే నిండడానికి సమయమే దొరకదు. మన్ననూరు గేటు దగ్గర పాటలు వింటూ కూర్చున్న బండికైతే నిండుగా ఉంటుంది, పొద్దున్నే ఇంటి ముందు తీసే బండికి ఉండదు.

ప్రజా రవాణా వాహనాల్లో బిగించే ట్రాకింగ్ పరికరాలకు ఈ బెడద లేదు. ఏఐఎస్-140 అనే భారతీయ వాహన ప్రమాణం ప్రకారం వాటి లోపలే బ్యాకప్ బ్యాటరీ ఉంటుంది.

ఎండ సంగతి

చలిదేశాల్లో రాసిన సలహాలు సెల్ఫ్ కష్టమంతా మంచుదే అన్నట్టు చెబుతాయి. మే నెలలో 45 డిగ్రీలు దాటడం కొత్త కాని నల్గొండ, మిర్యాలగూడ వైపు కథ వేరు. వేడి 10 డిగ్రీలు పెరిగితే లెడ్ బ్యాటరీ ఆయుష్షు సగానికి సగం తగ్గుతుందని స్థూలమైన లెక్క. నీళ్లు ఆవిరవుతాయి, లోపలి సీసపు జాలీ తినివేయబడుతుంది. ఆ దెబ్బ ఎండాకాలంలో బయటపడదు, ఇంజిన్ వేడిగా, ఆయిల్ పల్చగా ఉండి సెల్ఫ్ తేలిగ్గా తిరుగుతుంది కాబట్టి. సంక్రాంతి ముందు చలి పొద్దుల్లో ఆయిల్ చిక్కబడి, బ్యాటరీ మందగించినప్పుడు ఆ పాత గాయం పైకి తేలుతుంది. జనం "నిన్నటిదాకా బాగానే ఉందే" అంటారు. దెబ్బ తిన్నది మాత్రం మేలోనే. నీళ్లు పోసే రకం బ్యాటరీ అయితే వేసవిలో నెలకోసారి మూత తీసి డిస్టిల్డ్ వాటర్ చూసుకోవడం తప్పనిసరి.

బిగించే వస్తువులకూ ఇదే ఎండ. నల్గొండ క్లాక్ టవర్ దగ్గర మధ్యాహ్నం అద్దాలు మూసి నిలిపిన కారులో డాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టలేం. అందుకే మంచి డాష్‌క్యామ్‌లలో లిథియం బ్యాటరీకి బదులు చిన్న సూపర్ కెపాసిటర్ పెడతారు. కరెంటు పోయాక చివరి ఫైలును భద్రంగా మూసేంతవరకే దాని పని, సెల్ఫ్ సమయమంతా కెమెరాను నడపడం కాదు. సూపర్ కెపాసిటర్లలో 65 డిగ్రీల రకం, 85 డిగ్రీల రకం ఉంటాయి, ఇక్కడ రెండోదే కావాలి. మామూలు కండెన్సరైతే 105 డిగ్రీలని రాసి ఉన్నదే. పెట్టే చోటు అద్దం దగ్గర కాదు, సీటు కింద. వైర్లను ఇన్సులేషన్ టేపు చుట్టి వదిలేస్తే ఒక్క వేసవిలో జిగురు కారి టేపు ఊడుతుంది. వైరు కొసను లోహపు ముక్కలో నొక్కి (క్రింప్ చేసి), వేడికి బిగుసుకునే హీట్ ష్రింక్ స్లీవ్ వేయాలి. బ్యాటరీ నుంచి నేరుగా లాగిన ప్రతి వైరుకూ బ్యాటరీ నుంచి జానెడు దూరం లోపలే ఫ్యూజు ఉండాలి. ఇందులో బేరం వద్దు. ఇలాంటి ఫ్యూజు లేని వైరు నలిగినచోట కారులో మంటలు లేవవచ్చు.

సిగ్నల్ దగ్గర ఇంజిన్ తానే ఆగి తానే స్టార్టయ్యే కార్లలో ఈ కష్టాన్ని కంపెనీయే ముందుగా ఆలోచించి పెడుతుంది. గట్టి బ్యాటరీ, కొన్నింటిలో స్క్రీన్ల ముందు వోల్టేజీ నిలిపే యూనిట్ ఉంటాయి. చాలావాటిలో బ్యాటరీ మైనస్ మీద చిన్న సెన్సర్ కూర్చుని ఎంత కరెంటు పోయిందో, ఎంత వచ్చిందో లెక్కపెడుతుంటుంది. బయటి పరికరం ఎర్త్ వైరును నేరుగా ఆ మైనస్ బిళ్లకు తగిలిస్తే అది తినే కరెంటు సెన్సర్ లెక్కలోకి రాదు. బ్యాటరీ నిండుగా ఉందనుకుని కారు ఇంజిన్ ఆపుతూనే ఉంటుంది. ఇలాంటి బండ్లలో ఎర్త్‌ను బాడీ బోల్టుకే ఇవ్వాలి.